మనిషి లేని కొండ హట్‌లో రెండు రాత్రులు: భట్టర మనె అలవాటైన వాళ్ళకి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫిబ్రవరిలో రెండు జంటలు కలిసి న్యూజీలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్తున్నారు. అందులో రెండు రాత్రులు కొండల్లో, వార్డెన్ గానీ వంటమనిషి గానీ ఉండని హట్‌లో పడుకోవాలని ప్లాన్. ఇంతవరకు చేసిన ట్రెక్కులు కర్ణాటకలోని కుద్రేముఖ్, కుమార పర్వత. ఏం ఉంటుంది, ఏం మోసుకెళ్ళాలి, ఆడవాళ్ళకి ఇబ్బంది ఉంటుందా?

నేను ఉండేది వైట్‌ఫీల్డ్‌లో, సొంతూరు ఒంగోలు. 2014లో ఆఫీసు పని మీద ఏడాదిన్నర క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్నాను. శని, ఆదివారాలు ఇంట్లో ఉన్న గుర్తు లేదు. ఆ తరవాత మా ఆయనతో ఇంకో మూడుసార్లు వెళ్ళొచ్చాను. అన్నీ కలిపితే ఇరవై హట్ల దాకా పడుకుని ఉంటాను. కొన్నిట్లో సుఖంగా, కొన్నిట్లో బుద్ధి తెచ్చుకుంటూ.

మీ ఫిట్‌నెస్ గురించి నాకు దిగుల్లేదు. కుక్కేలో మొదలుపెట్టి 1,712 మీటర్ల కుమార పర్వత ఎక్కి దిగినవాళ్ళ కాళ్ళకి ఆ దారులు కొత్త కాదు. కొత్త సంగతి వేరే ఉంది. బెంగళూరు నుంచి మనం చేసే ట్రెక్కుల్లో ఎవరో ఒకరు మన తరఫున ఆలోచిస్తూనే ఉంటారు. శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్ ఎక్కి నిద్రపోతే పొద్దున్నే ఎక్కడ దించాలో డ్రైవర్‌కి తెలుసు. కుద్రేముఖ్ కింద ముల్లోడిలో హోమ్‌స్టే వాళ్ళు టిఫిన్ పెట్టి, మధ్యాహ్నానికి చిత్రాన్నం కట్టిస్తారు. కుమార పర్వత దారిలో భట్టర మనెకి, అంటే భట్టుగారి ఇంటికి, చేరితే వేడన్నం, సాంబారు, మజ్జిగ. వాన ముదిరితే గైడ్ ‘సాకు, వాపస్ హోగోణ’ అంటాడు, మనం గొణుక్కుంటూ వెనక్కి తిరుగుతాం. మనిషి లేని హట్‌లో ఆ గైడూ మీరే, భట్టరూ మీరే, పొద్దున్నే చీపురు పట్టేదీ మీరే.

హట్ ఎలా ఉంటుందో చెప్తాను. అక్కడి ప్రభుత్వ పరిరక్షణ శాఖను అందరూ డాక్ అని పిలుస్తారు. వాళ్ళ చేతిలో 950కి పైగా హట్లు ఉన్నాయి. మిల్‌ఫర్డ్, రూట్‌బర్న్ లాంటి, గ్రేట్ వాక్ అని పిలిచే పేరున్న దారుల్లో సీజన్‌లో రేంజర్ ఉంటారు, వంటకి గ్యాస్ పొయ్యిలు ఉంటాయి. వాటి బుకింగ్ తెరిచిన కొద్దిసేపటికే అయిపోతుంది కాబట్టి మీలాంటి వాళ్ళు మిగతావాటి వైపు వస్తారు. అవి సర్వీస్‌డ్, స్టాండర్డ్, బేసిక్ అని కిందికి దిగేకొద్దీ సౌకర్యాలు తగ్గుతాయి. సర్వీస్‌డ్ అన్న పేరు చూసి మురిసిపోకండి, కాఫీ కూడా ఎవరూ ఇవ్వరు.

స్టాండర్డ్ హట్ అంటే రేకు కప్పు, ఒకటో రెండో గదులు. తలుపుకి తాళం ఉండదు, గడియ మాత్రమే. నెట్టుకుని లోపలికి వెళ్తే ఆరిపోయిన పొగ వాసన, తడి మేజోళ్ళ వాసన కలిసి కొడతాయి. ఒక పక్క రైలు బెర్తుల్లా రెండంతస్తుల చెక్క అరుగు, దాని మీద రెక్సిన్ తొడిగిన పరుపులు వరసగా ఉంటాయి. ఇంకో పక్క స్టీలు బల్ల, అక్కడే వంట. చాలా హట్లలో మధ్యలో ఇనుప కట్టెల పొయ్యి, పక్కన గొడ్డలి, చీపురు, ఒక బకెట్. బయట వాన నీళ్ళ ట్యాంకు, దూరంగా గుంట మరుగుదొడ్డి. ఇక కరెంటు, లైటు, దుప్పటి, గిన్నె, చెత్తబుట్ట ఏదీ ఉండదు. మీరు తెచ్చిన చెత్త, అరటిపండు తొక్కతో సహా, మీ వీపు మీదే కిందికి దిగాలి.

నీళ్ళు ట్యాంకువైనా సరే బాగా మరిగించి తాగండి. సెలయేళ్ళు ఎంత తేటగా కనిపించినా కడుపు పాడుచేసే జియార్డియా అక్కడా ఉంది.

డబ్బు సంగతి కూడా మనకి వింతగా ఉంటుంది. కొన్ని హట్లకి ముందుగా బుక్ చేసుకోవాలి. కొన్నిటికి టికెట్టు కొనుక్కెళ్ళి హట్‌లో ఉండే పెట్టెలో వేయాలి. అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా వేయండి. ఆ డబ్బుతోనే పైకప్పు కారకుండా ఉంటోంది. బుకింగ్ లేని హట్‌లో ముందొచ్చినవాళ్ళకి పరుపు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి నేల. వానలో తడిసి ఎవరైనా వస్తే సామాను జరిపి చోటివ్వాలి, ‘ఫుల్ అయిపోయింది’ అనే మాట ఉండదు.

ఇప్పుడు మీరు అడగనిది, నేను అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. మీ ప్లాన్‌లో రెండు రాత్రులు హట్, మూడో రోజు సాయంత్రం క్వీన్స్‌టౌన్ నుంచి విమానం అని రాశారు. అది మార్చండి.

2017 ఫిబ్రవరిలో మేమూ అచ్చం ఇలాగే పెట్టుకున్నాం. నలుగురం, రెండో రాత్రి హట్‌లో ఉండగా పదింటికి వాన మొదలైంది. రేకుల మీద వాన పడుతుంటే మొదట హాయిగానే ఉంది, చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో పడుకున్నట్టు. రెండింటికి లేచి చూస్తే అదే జోరు. పొద్దున ఆరింటికి కాస్త తగ్గింది. అక్కడి నుంచి కారు దగ్గరికి నాలుగు గంటల నడక, మధ్యలో వంతెన లేని ఒక ఏరు. వచ్చేటప్పుడు పిక్కల దాకా వచ్చింది, ఫోటోలు కూడా దిగాం.

ఏటి దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు హార్లిక్స్ రంగులో ఉన్నాయి. అంతకన్నా భయపెట్టింది చప్పుడు. నీటి అడుగున రాళ్ళు దొర్లుతుంటే, తడి గ్రైండర్‌లో పప్పు వేయకుండా స్విచ్ వేస్తే ఎలా ఉంటుందో అలా, లోపల్నుంచి గరగరమంటూ వస్తోంది. మా ఫ్రెండ్ భర్తకి సోమవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. ‘చేతులు పట్టుకుని దాటేద్దాం, నడుము దాకానే కదా’ అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ విమానం టికెట్ డబ్బులే కళ్ళ ముందు ఆడుతున్నాయి. దాటి ఉండేవాళ్ళమేమో కూడా. ఆపింది ఏమిటంటే, ముందు రోజు రాత్రి ఊసుపోక హట్ పుస్తకం, అంటే వచ్చిపోయేవాళ్ళు వివరాలు రాసే పుస్తకం, తిరగేస్తుంటే చదివిన ఒక ఎంట్రీ. అంతకు నెల ముందు ఎవరో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశారు: పొద్దున దాటలేకపోయాం, వెనక్కి వచ్చాం, వాన ఆగాక మర్నాటికి మోకాలి లోపుకి దిగింది.

మేమూ వెనక్కి నడిచాం. మధ్యాహ్నానికి వాన పూర్తిగా ఆగింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అదే ఏరు మోకాలి కిందికి ఉంది. విమానం పోయింది, నలుగురికీ కొత్త టికెట్లు, ఆఫీసులో చివాట్లు. తిండి కూడా అయిపోయింది. అల్మారాలో ఎవరో వదిలేసిన అర కిలో బియ్యం వండుకుని, ఉప్పు, మిగిలిన కారప్పొడి కలుపుకుని తిన్నాం. హట్‌లో తిండి వదిలేయకూడదు, ఎలుకలు మరుగుతాయి. ఆ రోజు మాత్రం ఆ వదిలేసినవాళ్ళని ఏమీ అనబుద్ధి కాలేదు.

ఆ దేశపు కొండల్లో ట్రెక్కర్ల ప్రాణం తీసే పెద్ద కారణాల్లో ఏరు దాటడం ఒకటి. పాములు లేవు, చిరుతలు లేవు, ఏనుగులు లేవు. ఏరు ఉంది. వానకి ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగానూ దిగుతుంది కాబట్టి, ఆగడమే మందు. నీళ్ళు మడ్డిగా మారినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా, రాళ్ళ చప్పుడు వినిపించినా దిగొద్దు. ఆగగలగాలంటే ఒక రోజు అదనపు తిండి, టికెట్‌లో ఒక ఖాళీ రోజు ఉండాలి. సెలవులు సరిపోకపోతే హట్‌లో ఒక రాత్రి తగ్గించుకోండి గానీ ఆ రోజుని తగ్గించొద్దు.

అందుకే హట్ పుస్తకం గురించి ఇంకో మాట. వెళ్ళగానే పేర్లు, తేదీ, ఎటు నుంచి వచ్చారు, రేపు ఎటు వెళ్తారు అని రాయండి. హట్‌లో ఆగకుండా దాటిపోతున్నా రాయండి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్ళు మొదట తెరిచేది ఆ పుస్తకమే. బయల్దేరే ముందు బెంగళూరులో ఎవరో ఒకరికి దారి, హట్ పేరు, ఏ రోజు ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే కంగారు పడాలో వాట్సాప్‌లో రాసిపెట్టండి. అమ్మానాన్నలకి కాదు, వాళ్ళు మొదటి గంట నుంచే కంగారు పడతారు. స్థిమితంగా ఉండే స్నేహితుడెవరికైనా పంపండి.

ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి పర్సనల్ లొకేటర్ బీకన్ అద్దెకి తీసుకోండి, అక్కడి అవుట్‌డోర్ షాపుల్లోనూ కొన్ని డాక్ సెంటర్లలోనూ దొరుకుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రెస్క్యూ కేంద్రానికి కబురు వెళ్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. నచ్చింది కదా అని శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ లాంటివి కొని బ్యాగులో వేసుకుని బెంగళూరు రావద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడం నేరం. మెసెంజర్లతో మన విమానాశ్రయాల్లో ఇరుక్కున్న విదేశీ ట్రెక్కర్లు ఉన్నారు.

తిండి. అసలు తెలుగువాళ్ళు ఈ ప్రశ్న వేసినప్పుడు సగం గుండెల్లో ఉండేది ఇదే. ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? న్యూజీలాండ్ విమానాశ్రయంలో తిండి పదార్థాల తనిఖీ చాలా గట్టిది. దగ్గర ఏ తిండి ఉన్నా, బిస్కెట్ ప్యాకెట్ అయినా, డిక్లరేషన్‌లో ఉందని చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. చెప్పకుండా దొరికితే 400 డాలర్ల జరిమానా. విమానంలో ఇచ్చిన యాపిల్‌ని బ్యాగులో మరిచిపోయినవాళ్ళు కూడా కట్టారు. నెయ్యి, తేనె, పళ్ళు, పచ్చి కరివేపాకు పెట్టుకోనే వద్దు. క్రైస్ట్‌చర్చ్, ఆక్లండ్‌లలో ఇండియన్ షాపులున్నాయి. అటుకులు, రవ్వ, ఊరగాయ అక్కడే కొనుక్కోండి.

బూట్లూ అంతే. ట్రెక్కింగ్ బూట్లు, పోల్స్ ఉన్నాయని డిక్లేర్ చేయాలి. నేను మొదటిసారి కుద్రేముఖ్ బురదతోనే వెళ్ళాను. ఆఫీసర్ బూటు తిప్పి చూసి, లోపలికి తీసుకెళ్ళి, కడిగి, ఒక కవర్లో పెట్టి చేతికిచ్చింది. నా బూట్లు అంత శుభ్రంగా కొన్నప్పుడు కూడా లేవు. మీరు ఇంట్లోనే పాత టూత్‌బ్రష్‌తో అడుగు గాడులన్నీ కడిగేయండి.

స్టవ్ ఇక్కడి నుంచి తీసుకెళ్ళొచ్చు, గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, అక్కడ కొనాలి. ఎంత కొనాలో ఇంట్లోనే లెక్క తేల్చుకోండి. మేం ఎలా చేశామంటే, మేడ మీద ఒక రాత్రి లైట్లు ఆపేసి, హెడ్‌ల్యాంప్‌లు పెట్టుకుని, చిన్న స్టవ్ మీద నలుగురికీ వంట చేశాం. గ్యాస్ డబ్బాని ముందూ తరవాతా వంటింటి తూకం మీద పెట్టాం. లీటరు నీళ్ళు మరగడానికి 15 గ్రాముల దాకా పోయింది. గాలి వేసినప్పుడు గిన్నెకి మూత లేకపోతే అది ఎగబాకుతుంది. నలుగురికి రోజుకి ఆరు లీటర్లు మరిగిస్తే 90 గ్రాములు, అదనపు రోజుతో కలిపి నాలుగు రోజులకి 360. అంటే 450 గ్రాముల డబ్బా ఒకటి చాలు, అన్నం ఉడికించే పని పెట్టుకోకపోతే. అన్నం గ్యాస్‌ని తినేస్తుంది. నీళ్ళు పోస్తే అయిపోయే అటుకులు, సేమ్యా, కుస్‌కుస్, నూడుల్స్ మేలు. పైన చల్లుకునే పొడి ఏదైనా నాలుక్కి సరిపెడుతుంది.

మేడ మీది రాత్రిలో ఇంకో లాభం కూడా ఉంది. చీకట్లో అగ్గిపెట్టె ఏ జేబులో ఉందో వెతుక్కుంటూ మీలో ఎవరు విసుక్కుంటారో తెలిసిపోతుంది. మన దగ్గర కుద్రేముఖ్ లాంటి చోట్ల అడవిలో రాత్రి ఉండనివ్వరు కాబట్టి, బెంగళూరులో ఇంతకన్నా మంచి ప్రాక్టీసు నాకు తోచలేదు.

హట్‌లో వంట చేసేటప్పుడు కిటికీ కాస్త తెరిచే ఉంచండి. మూసిన గదిలో గ్యాస్ స్టవ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. చలి కదా అని స్లీపింగ్ బ్యాగ్ పక్కన స్టవ్ పెట్టుకోవడం లాంటి పనులు వద్దు.

ఫిబ్రవరి వాళ్ళకి వేసవి చివర. రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది. అయినా కొండ మీద ఏ నెలలోనైనా మంచు పడొచ్చు. పడమటి వైపు వానలైతే మన ఆగుంబెకి తోబుట్టువులు, మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లు దాటుతుంది. తేడా ఏమిటంటే ఆగుంబె వానలో తడిస్తే జలుబు చేస్తుంది, అక్కడ తడిసి గాలికి నిలబడితే ఒళ్ళు చల్లబడి బుర్ర పనిచేయడం మానేస్తుంది. జీన్స్, కాటన్ టీషర్టులు ఇంట్లో వదిలేయండి. ఒక జత ఉన్ని లేదా సింథటిక్ బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి, హట్‌లో పడుకోవడానికి మాత్రమే ఉంచండి. నడిచేటప్పుడు ఎంత తడిసినా ఆ జత ముట్టుకోవద్దు. పొద్దున్నే మళ్ళీ ఆ తడి బట్టలే వేసుకోవాలి. ఆ మొదటి రెండు నిమిషాలు నరకం, తరవాత అలవాటవుతుంది. స్లీపింగ్ బ్యాగ్ సున్నా డిగ్రీల దాకా తట్టుకునేది చూడండి.

ఆడవాళ్ళ సంగతి అడిగారు. అరుగు మీద ఆడా మగా తేడా లేకుండా అందరూ వరసగా పడుకుంటారు. మొదటి రాత్రి నాకూ ఇబ్బందిగానే అనిపించింది, పక్కన ముక్కూ మొహం తెలియని అరవై ఏళ్ళ ఆయన. నలుగురూ ఉన్నప్పుడు మగవాళ్ళు చెరో చివర, ఆడవాళ్ళు మధ్యలో సర్దుకుంటే సరి. బట్టలు స్లీపింగ్ బ్యాగ్ లోపలే మార్చుకోవడం మేడ మీదే నేర్చుకోండి. మరుగుదొడ్డిలో కాగితం, నీళ్ళు రెండూ ఉండవు. మనకి నీళ్ళు లేకపోతే కుదరదు కాబట్టి, మూతకి చిల్లు ఉండే చిన్న సీసా ఒకటి దానికే ప్రత్యేకం. దాని మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఎందుకో చెప్పనక్కర్లేదనుకుంటాను. పీరియడ్స్ ప్యాడ్లు గుంటలో వేయకూడదు, జిప్ కవర్లో పెట్టి కిందికి తేవాలి.

ఇయర్ ప్లగ్స్ మరవద్దు. మా ఆయన గురక వల్ల ఒక హట్‌లో ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు పరుపులు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. పొద్దున వాళ్ళ మొహం చూడలేక మేం ఐదింటికే బయల్దేరాం. అలా చీకట్లోనే బయల్దేరేవాళ్ళు రాత్రే సామాను సర్దుకోవాలి. ప్లాస్టిక్ కవర్ల గరగర గురకకన్నా పాపం. బ్లూటూత్ స్పీకర్ సంగతి రాయాలంటేనే సిగ్గుగా ఉంది, కానీ మనవాళ్ళని చూశాను కాబట్టి రాస్తున్నాను: వద్దు.

బూట్లు బయట వదలొద్దు. కియా అని పచ్చటి కొండ చిలుక ఉంటుంది, సౌత్ ఐలాండ్‌లోనే. చూడముచ్చటగా ఉంటుంది, తెలివి దొంగది. ఒకటి నా బూటు మీద కాలు వేసి తొక్కిపట్టి, లేసుని ముక్కుతో ఒక్కో కన్నంలోంచి లాగుతూ, మధ్యమధ్యలో నేను చూస్తున్నానా లేదా అని తల వంచి చూసింది. వాటికి తిండి పెట్టకూడదు. ఇక సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగలు, మన జలగలకి బదులు అనుకోండి. నిండు చేతుల చొక్కా, పూసుకునే మందు ఉంటే చాలు.

మీ ప్రశ్నతో పాటు పెట్టిన, మీ ఫ్రెండ్ పంపిన ఎర్ర హట్ ఫోటో మ్యూలర్ హట్‌ది. 1,800 మీటర్ల ఎత్తున ఉంటుంది, 2003లో దాన్ని ప్రారంభించింది ఎడ్మండ్ హిల్లరీయే. ఆయన 1939లో ఎక్కిన మొదటి పెద్ద కొండ దాని వెనకే ఉంది. గొప్ప చోటు, కానీ మీకు మొదటి హట్‌గా వద్దంటాను. వెయ్యి మీటర్లు నిటారుగా ఎక్కాలి, గాలివాన వస్తే పైన తలదాచుకోవడానికి చెట్టు కూడా ఉండదు. పైగా వేసవిలో అక్కడ వార్డెన్ ఉంటారు, మీరు అడిగిన అనుభవం అది కాదు. దాని బదులు క్రైస్ట్‌చర్చ్‌కి దగ్గర్లో మౌంట్ సోమర్స్ వైపు వుల్‌షెడ్ క్రీక్ హట్ చూడండి. పాత బొగ్గు గని పక్కనుంచి మూడు గంటల నడక, పిల్లల్ని తీసుకుని కుటుంబాలు కూడా వస్తాయి. రెండు రాత్రులూ అక్కడే ఉండి, మధ్య రోజు చుట్టుపక్కల తిరగండి. సామాను మోయడం ఒక్కరోజు తగ్గుతుంది.

బయల్దేరే పొద్దున అరగంట పని ఉంటుంది. పరుపులు నిలబెట్టడం, బల్ల తుడవడం, ఊడ్చడం, కిటికీలు మూయడం. కట్టెల పొయ్యి ఉంటే మీరు వాడినన్ని కట్టెలు లోపల పేర్చి, పైన కొన్ని సన్నపుల్లలు చీల్చి పెట్టండి. సాయంత్రం తడిసి వచ్చేవాళ్ళ వేళ్ళు గొడ్డలి పట్టుకునే స్థితిలో ఉండవు.

వుల్‌షెడ్ క్రీక్‌కి బుకింగ్ తప్పనిసరి, శని, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి, మంగళ, బుధవారాలు చూసుకోండి. ఆ ఖాళీ రోజుని హట్ తరవాత పెట్టండి, ముందు కాదు. రిలీజ్ ఎవరికి ఉందో కూడా ఇప్పుడే కనుక్కోండి.